ఊరికే అడిగిన కొలత

శ్రీవారికి,

చిట్టి వాళ్లమ్మ రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, చిట్టి, నేను, కప్పు పడి గచ్చు పడని మన కొత్త ఇల్లు, అందరం క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరు వేళకు భోంచేస్తున్నారని, వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ మీద కసురుకోవడం మానేశారని తలుస్తాను. మొదటిది నమ్ముతాను. రెండోది మీరు ఒట్టు పెట్టి చెప్పినా నమ్మను.

మీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్ చేస్తే పక్క మంచాల వాళ్లు వింటారని "ఊఁ, సరే, ఉంటా" అని మూడు ముక్కల్లో తేల్చేసే మనిషి, ఉత్తరంలో నాలుగేసి పేజీలు రాస్తున్నారు. పెళ్లయిన పన్నెండేళ్లలో మీరు నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఈ తొమ్మిది నెలల ఉత్తరాలకు సరితూగవు. "కరెంటు స్తంభం మీంచి పడితే పడ్డారు గానీ, మీ అబ్బాయికి నోరు వచ్చింది అత్తయ్యా" అన్నానని ఆవిడ నా మీద గయ్యిమన్నారు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఆవిడే నవ్వుకున్నారు. నేను చూశాను.

వచ్చే నెల పదో తారీకున మిమ్మల్ని ఇంటికి పంపిస్తామన్నారని రాశారు. ఆ వాక్యం చిట్టి పైకి చదివింది. చదివి, నేను గుడ్డల మీద గీతలు గీసుకునే సుద్ద తీసుకుని కేలెండర్‌లో పదో తారీకు చుట్టూ సున్నా చుట్టింది. సుద్ద చెరిగిపోతుందేమోనని మళ్లీ పెన్నుతో చుట్టింది. అప్పటినుంచి ఈ అద్దె గదుల్లో ముగ్గురం రోజుకు పదిసార్లు ఆ గోడ వైపు వెళ్తున్నాం, అక్కడేదో పని ఉన్నట్టు.

మీరు అయిదు ప్రశ్నలు అడిగారు. నాలుగు ఉత్తరంలో ఉన్నాయి. అయిదోది సంతకం పెట్టేశాక కాగితం అంచున ఇరికించారు. మీరు దాన్ని ఆఖర్న రాశారు కాబట్టి నేనూ దానికి ఆఖర్నే జవాబు చెబుతాను.

అత్తయ్య మోకాలు ఎలా ఉంది, గుమ్మం ముందు వేయించిన వాలు దారి ఆవిడకు సుఖంగా ఉందా అని అడిగారు. ఎడమ మోకాలు బాగానే ఉంది. కుడి మోకాలూ బాగానే ఉంది. ఆవిడ మాత్రం కుంటుతున్నారు. అది వేరే కథ, కాస్త ఆగండి.

స్విచ్‌బోర్డులు ఎంత ఎత్తున పెట్టించావు అని అడిగారు. లైన్‌మన్ పెళ్లానికి ఈ పరీక్ష తప్పదని తెలుసు. నేల నుంచి నలభై అంగుళాలు. చిట్టికి చెయ్యి అందాలని కిందికి దింపించానని పోయిన ఉత్తరంలో రాశాను కదా, అదే ఎత్తు. మీ జోడీ లైన్‌మన్ ఆదివారం ఆదివారం వచ్చి వైరింగ్ అంతా తనే చేస్తున్నాడు. పని చేస్తున్నంతసేపూ నన్ను మాత్రం ఒకే మాట అడుగుతున్నాడు: "అన్నయ్య అడిగితే ఏం చెప్పమంటావు వదినా?" చెబుతాలే, నీకెందుకు అని టీ ఇచ్చి పంపిస్తున్నాను.

మూడోది నేల సంగతి, ఏ పలకలు వేయిస్తున్నావని. మీరు మెరిసే పలకలు వేయించమన్నారు, ముఖం కనబడేలాంటివి. నేను గరుకువి వేయిస్తున్నాను. పలకలు వేసే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "అమ్మా, చూడబోతే ఇది బస్టాండులా ఉంటుంది" అన్నాడు. ఉంటే ఉండనీ, నేను రెండుసార్లు జారి పడ్డాను, నాకు గరుకే కావాలన్నాను. ఎక్కడ జారానో, ఎప్పుడు జారానో ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీరు ఇప్పటికే గ్రహించి ఉంటారు. మోకాలి నొప్పి అత్తయ్యకు, చెయ్యి అందనిది చిట్టికి, జారిపడేది నేను. అబద్ధాన్ని ముగ్గురికీ సమంగా పంచాను.

ఇక నాలుగో ప్రశ్న. "మెట్లకు రెయిలింగ్ ఇనుముదా, కర్రదా?" కాసిని నీళ్లు తాగి వచ్చి రాస్తున్నాను.

అయిదు నెలల కిందట మీరు రాసిన ఉత్తరం నా కుట్టు మిషను సొరుగులో ఉంది. పైగది సంగతి తర్వాత చూద్దాం, ముందు మీకు కిందే ఒక గది వేయిద్దామా అని నేను అమాయకంగా అడిగిన దానికి జవాబు అది. "నేను గీసిన గీత ప్రకారమే ఇల్లు రావాలి. నా కాళ్ల మీద నేను మెట్లెక్కి పైగదికి వెళ్తాను. కుంటివాడి కోసం కట్టిన ఇంట్లో నేను అడుగు పెట్టను." కలం ఎంత గట్టిగా నొక్కి రాశారంటే కాగితం వెనక వేలితో తడిమితే అక్షరాలు తెలుస్తాయి. మీ మాట మీద మీరు నిలబడే మనిషి. అందుకే పదో తారీకు అంటే చిట్టికి పండగ, నాకు గుండె దడ. గుమ్మం దాకా వచ్చి మీరు వెనక్కి తిరిగితే నేనేం చెయ్యాలి?

మెట్లు లేవండీ.

మీరు పడ్డాక ఇంటి పని ఆగిపోయేనాటికి పోసి ఉన్న తొమ్మిది మెట్లనీ కొట్టించేశాను. అది జరిగి మూడు నెలలు దాటింది. అవి కొడుతున్న రోజుల్లోనే మీకు ఉత్తరం రాశాను, "మెట్లు బాగా వచ్చాయి, చిట్టి ఎక్కుతూ దిగుతూ ఒకటే ఆట" అని. రాసి, అంటించి, నా చేతులతో నేనే పోస్టు డబ్బాలో వేశాను. మీ దగ్గర ఇంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఎలా జరిగిందో మొత్తం చెబుతాను. మధ్యలో ఉత్తరం మడిచి పక్కన పడేయకండి.

నాలుగు నెలల కిందట మిమ్మల్ని చూడటానికి వచ్చాను గుర్తుందా, చిట్టి గీసిన బొమ్మ తెచ్చాను. తిరిగి వెళ్తుంటే డాక్టరమ్మ నన్ను వరండా చివరికి, దుప్పట్ల బీరువా పక్కకు పిలిచింది.

"నిలబడతారమ్మా. కడ్డీలు పట్టుకుని నాలుగు అడుగులు వేస్తారు, ముందు ముందు ఇంకో నాలుగు వెయ్యచ్చు. కానీ ఇంట్లో రోజూ తిరగడానికి మాత్రం చక్రాల కుర్చీయే. మెట్ల మీద ఆశ పెట్టుకోకండి" అంది.

"ఆయనకు చెప్పారా?" అన్నాను.

"అడిగిన రోజు చెప్తాను. కాళ్లు ఎప్పుడు గట్టిపడతాయని రోజూ అడుగుతారు. గట్టిపడతాయా అని ఒక్కసారీ అడగలేదు. ఆ ప్రశ్న ఆయన నోటితో రావాలి, మీరు తొందరపడకండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ తన పొట్లంలోంచి పల్లీలు తీసి నా చేతిలో పోసింది. ఆవిడ ఎవరో గానీ, చల్లగా ఉండాలి.

మర్నాడు పొద్దున మీరు పాత కేలెండర్ వెనక గీసిన ఇంటి ప్లాను కత్తిరింపు బల్ల మీద పరిచాను. ఎంత ముచ్చటగా గీశారో. ముందుగది, వంటగది, అత్తయ్య గది, ముందుగదిలోంచి పైకి మెట్లు, పైన మీ గది, దానికి వీధి వైపు కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఏడు స్తంభాలూ కనబడాలి, కరెంటు పోతే ఎక్కడ పోయిందో మంచం మీంచే తెలియాలి అన్నారు. నేను ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాను. పాత కొలతకు కుట్టిన జాకెట్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఇది నాకు పట్టాల్సిందే" అని పోట్లాడే ఆడవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను కూర్చోబెట్టి, టేపు తీసి, మళ్లీ కొలుస్తాను. అంతకంటే నాకు తెలిసిన విద్య లేదు. ఆ ప్లాను ముందు కూడా అదే చేశాను.

కానీ ఎవర్ని కొలవను? మీరు లేరు. మన వీధి ఆస్పత్రి నర్సమ్మకు రెండు జాకెట్లు కుట్టి పెడతానని ఒప్పించి, వాళ్ల మూలన పడి ఉన్న చక్రాల కుర్చీ వారం రోజులకు అడిగి తెచ్చాను. తెచ్చి, కొత్త ఇంట్లో నేనే కూర్చున్నాను. రెండు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, అందులోనే తిరిగాను. నవ్వకండి. దాహం వేస్తే కుర్చీలోనే వెళ్లి బిందె దగ్గర నీళ్లు తాగాలి, స్విచ్ ఎంత ఎత్తున రావాలో కూర్చునే చెయ్యి చాపి చూడాలి అని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మొదటి పూట గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మూడంగుళాల గడప అండీ, మూడే మూడు అంగుళాలు. దాని ముందు అటూ ఇటూ గింజుకుని, ఇక లాభం లేదని కుర్చీని ఎత్తి లోపల పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను. అలా చేస్తున్నప్పుడు సిగ్గేసింది. మీకు లేచే వీలుండదు కదా.

ఎదురింటి టీచరమ్మ నన్ను ఆ కుర్చీలో చూసి పరుగున వచ్చేసింది. "అయ్యో రామా, ఇదేం ఖర్మమ్మా, ఒకే ఇంట్లో ఇద్దరికా!" అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. నేను గబుక్కున లేచి నిలబడ్డాను. అప్పుడు ఆవిడ ఇంకా హడలిపోయింది.

కుర్చీలో కూర్చున్నాక మన ఇల్లు నాకు వేరేలా కనబడింది. వంటగదిలో కుళాయి అందలేదు. ముందుగదిలో మీ మెట్ల మొదటి పలకకీ గోడకీ మధ్య సందులో కుర్చీ తిరగలేదు. అంటే, మీరు ఎంతో ఇష్టపడి గీసిన ఆ మెట్లే మిమ్మల్ని ముందుగదిలో ఆపేసి, అత్తయ్య గదికి గానీ వంటింటికి గానీ పోనివ్వవు. పైకి వెళ్లడం మాట దేవుడెరుగు, అవి ఉంటే కింద కూడా తిరగలేరు. అప్పుడు నిర్ణయించుకున్నాను.

మేస్త్రి ససేమిరా అన్నాడు. "సార్ గీసింది నేను మార్చనమ్మా. రేపు ఆయన వచ్చి నా మెట్లేవిరా అంటే నేనేం చెప్పాలి? పోసిన కాంక్రీటు కొట్టమంటున్నారు, నా చేత్తో పోసింది!"

"మీరోసారి కూర్చోండి మేస్త్రీ" అన్నాను.

"నేనెందుకమ్మా?"

"కూర్చుని, బాత్రూం దాకా వెళ్లి చెయ్యి కడుక్కుని రండి. కాళ్లు కింద పెట్టకూడదు. అంతే. వచ్చాక మీరు ఎలా చెప్తే అలా."

ఇదేం పిల్లాట అని నవ్వుతూ కూర్చున్నాడు. మెట్ల దగ్గర మలుపులో ఇరుక్కుని వెనక్కీ ముందుకీ లాగాడు. నేను కుర్చీని పక్కకు ఎత్తి పెట్టాను. బాత్రూం ముందుకు వెళ్లాడు. రెండడుగుల తలుపు. కుర్చీ ముందు చక్రాలు దూరాయి, వెనక చక్రాలు దూరలేదు. చెయ్యి చాపితే కుళాయి ఇంకా మూరెడు దూరంలో ఉంది. ఆయన అలా చెయ్యి చాపుకునే చాలాసేపు ఉండిపోయాడు. నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. తర్వాత లేచి, తన సంచి దగ్గరికి వెళ్లి పెద్ద సుత్తి తీశాడు. నా వైపు చూడకుండా, "మెట్లు రేపు మొదలెడదామమ్మా. ఈ తలుపు మాత్రం ఇవాళే" అన్నాడు.

మెట్లు కొట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను అటు వెళ్లలేదు. ఇక్కడ అద్దె గదిలో నర్సమ్మ జాకెట్లు కుడుతూ కూర్చున్నాను. రెండు వీధుల అవతల కొడితే ఇక్కడికి ఎలా వినబడుతుంది? నాకు వినబడింది. మీ కలలో ఒక్కొక్క మెట్టూ నేను పగలగొట్టిస్తున్నానని తెలుసు. తెలిసే చేయించాను. మీరు నన్ను క్షమించక్కర్లేదు, కానీ నేను దాన్ని తేలిగ్గా చేశానని మాత్రం అనుకోకండి.

అత్తయ్యకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. వాలు వేస్తున్న రోజు టీచరమ్మ వచ్చి, "ఇదెందుకమ్మా, గుమ్మం ముందు మెట్లుంటే అందం కదా" అంది. మా అత్తగారి మోకాళ్లకు అన్నాను. అని వెనక్కి తిరిగితే అత్తయ్య అక్కడే నిలబడి ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని, "అబ్బా, ఈ మోకాళ్లు నన్ను చంపేస్తున్నాయమ్మా" అంటూ కుంటుకుంటూ లోపలికి వెళ్లారు. అప్పటినుంచీ కుంటుతూనే ఉన్నారు. ఒకరోజు ఎడమ కాలు, ఒకరోజు కుడి కాలు. "నానమ్మా, నిన్న ఈ కాలు కదా" అని చిట్టి పట్టేసింది కూడా.

ఇంటికొచ్చాక, "ఎందుకత్తయ్యా ఈ అవస్థ, మనింట్లో మనమే కదా" అన్నాను.

"వాడొచ్చి ఈ వాలు ఎవరికే అని అడిగితే చూపించడానికి ఒక మనిషి ఉండాలి కదే అమ్మాయ్. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నా" అన్నారు. మళ్లీ, "నా బిడ్డ కోసం నేను కుంటితే నా కాలేం అరిగిపోదులే" అన్నారు. నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

బాత్రూం తలుపు విషయంలో నేనొక ఘనకార్యం చేశాను, అది కూడా చెప్పేస్తాను. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. చక్రాలు తిప్పేటప్పుడు పిడికిళ్లకు చెరో అంగుళం. తలుపు రెక్క మందం ఒకటిన్నర. ఇంకో అర ఉండనీ అని, చట్రం లోపల ముప్పై అంగుళాలు అని మేస్త్రికి చెప్పి, ఆయన టేపు ఎక్కడో పెట్టి మరిచిపోతే నా మెడలో ఉన్న టేపు తీసి ఇచ్చాను. చట్రం బిగించి తలుపు రెక్క పెట్టాక ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని దర్జాగా లోపలికి తోసుకున్నాడు. "అబ్బా!" అన్నాడు. రెండు పిడికిళ్లూ గీరుకుపోయాయి. టేపు పెట్టి చూస్తే ముప్పై ఉంది. మళ్లీ తోసుకుంటే మళ్లీ గీరుకుంది. ఈ గోడకు నా మీద ఏం పగ అని ఆయన దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నా టేపు మొన మీది రేకు ఊడిపోయి, చినుగుతోందని నేనే మొదటి అంగుళం కత్తిరించేసి నాలుగేళ్లయింది. నేను ఎప్పుడూ ఒకటి దగ్గర మొదలుపెట్టి ఒకటి తీసేసి లెక్క పెట్టుకుంటాను. ఊళ్లో ఎవరి జాకెట్టూ బిగుతు కాలేదు. పాపం మేస్త్రికి ఆ సంగతి ఏం తెలుసు, ఆయన చివర నుంచి కొలిచాడు. ముప్పై అనుకున్నది ఇరవై తొమ్మిదే వచ్చింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆయన పిడికిళ్లు చూస్తే ఏడుపొచ్చింది. అవి మీ పిడికిళ్లు అయ్యుండేవి, రోజూ, రెండు పూటలా. ఆ చట్రం తీయించేశాను. "ఈసారి అంగుళాలు పీనాసిగా లెక్క పెట్టొద్దమ్మా" అన్నాడు మేస్త్రి, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

మెట్లున్న చోట మీకు గది వచ్చింది. మెట్ల కోసం కప్పులో వదిలిన ఖాళీని మూయలేదు, దాని మీద మందపాటి అద్దం బిగించాం. మధ్యాహ్నం పూట అక్కడ వెలుగు నేల మీద పడుతుంది. మీ కిటికీని పైనుంచి కిందికి తెచ్చాను. మీరు కూర్చుంటే కన్ను ఎంత ఎత్తున ఉంటుందో దానికి ఒక అడుగు కింద మొదలయ్యేలా పెట్టించాను. ఆ కొలత ఎక్కడిదంటారా, మీ చొక్కాల కొలతలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి, నడుం నుంచి భుజం దాకా. భుజం నుంచి కంటికి ఎప్పుడూ రాసుకోలేదు. అది నాకు గుర్తే. ప్రహరీ గోడ అడ్డొస్తుంటే ఆ మేర రెండు వరసల ఇటుకలు తగ్గించాం. ఏడు స్తంభాలూ కనబడవండీ, అయిదే కనబడతాయి. మిగతా రెండూ టీచరమ్మ చెట్టు వెనక ఉన్నాయి. ఆ చెట్టు సంగతి మీరొచ్చి ఆవిడతో తేల్చుకోండి, నా వల్ల కాలేదు.

ఇంకొక పని చేయించాను. నేను ఏ బట్ట కుట్టినా లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతాను, రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. ఇంటి బయటి గోడకు, వెనక వైపు, మెట్లు పట్టేంత మేర పునాదిలోకి కడ్డీలు దిగేయించి మొనలు బయటికి వదిలించాను. తుప్పు పట్టకుండా మేస్త్రి వాటిని పలచని కాంక్రీటుతో కప్పి పెట్టాడు. డాక్టరమ్మ చదువు తప్పయి, మీ మొండితనం ఒప్పయిన రోజున ఆ కాంక్రీటు తట్టి రాల్చి, అక్కడ మెట్లు పోయిద్దాం. మొదటి మెట్టు మీరే పోయండి. ఆ రోజు రాదని నేను రాయడం లేదు. ఆ రోజు దాకా మీరు ముందుగదిలో ఇరుక్కుని ఉండటం మాత్రం నాకిష్టం లేదు.

పగిలిన మెట్ల ముక్కలు ఏం చేశావని అడుగుతారు. పారబోయలేదు. మేస్త్రిని అడిగి, గుమ్మం ముందు వాలు కింద అవే నింపించాను. తొమ్మిది మెట్లూ అక్కడే ఉన్నాయి, మీరు ఆ మెట్ల మీదుగానే ఇంట్లోకి వస్తారు.

ఇక మీ అయిదో ప్రశ్న. సంతకం కింద, కాగితం అంచున, చీమ తలకాయంత అక్షరాలతో రాశారు. "బాత్రూం తలుపు ఎంత వెడల్పు పెట్టావు? ఊరికే అడుగుతున్నాను."

సోమవారం నుంచి దాన్ని ఎన్నిసార్లు చదివానో. ప్లాను గీసిన రోజున బాత్రూం తలుపు ఎంత అని నేను అడిగితే, "ఎంతో ఒకంత, మనిషి పడితే చాలు" అన్న మనిషి మీరు. ఆ మనిషి ఇప్పుడు ఇంత దూరం నుంచి ఊరికే అడగరు. మీరు డాక్టరమ్మను ఆ ప్రశ్న అడిగేశారు, అవునా? ఎప్పుడు అడిగారు? ఆవిడ చెబుతున్నప్పుడు మీ పక్కన ఎవరున్నారు? నేను లేను, అంతవరకు తెలుసు. అదంతా ఒంటరిగా విని, మంచం మీదికి వచ్చి, ఉత్తరం తీసి, రెయిలింగ్ ఇనుముదా కర్రదా అని నాకోసం రాశారు. నేను మెట్లు బాగా వచ్చాయని మీకోసం రాశాను. మంచివాళ్లమే ఇద్దరం. ఇన్ని నెలలూ ఒకే మాటను చెరో పక్క నుంచి దాచిపెట్టి, ఎదుటి మనిషి తట్టుకోలేదని ఎవరికి వాళ్లం అనుకున్నాం.

మీరు కోప్పడతారని తెలుసు. కోప్పడండి. మెట్లు కొట్టించినందుకు తిట్టండి, అబద్ధం రాసినందుకు ఇంకో రెండు తిట్టండి. కానీ గుమ్మం బయట ఆగి తిట్టకండి, లోపలికి వచ్చి తిట్టండి. ఆ ఇల్లు ఎవరో కుంటివాడి కోసం కట్టింది కాదు. మీ కొలతకు కట్టింది. ఇప్పటి మీ కొలతకు. అందులో మీరు లేకపోతే అది ఇంకెవరికీ సరిపోదు.

అత్తయ్య కుంటడం ఇవాళ్టితో మాన్పిస్తాను. చిట్టి మిమ్మల్ని అడగమంది, కుర్చీ వెనక తను నిలబడచ్చా అని. నేను వద్దన్నాను, మీరు ఒప్పుకుంటారని నాకు తెలుసు.

బాత్రూం తలుపు ముప్పై ఆరు అంగుళాలు. కొత్త టేపు కొని నేనే కొలిచాను, రెండుసార్లు. పిడికిళ్లు తగలవు. గడప లేదు, ఆ ఇంట్లో ఎక్కడా లేదు. ఊరికే చెబుతున్నాను.

ఇట్లు,
మీ ఇంటావిడ